వాల్వుల పెట్టె

పాత ప్లేట్లు వినే పిచ్చివాళ్ళను చూసి నవ్వేవాళ్ళలో అగ్రతాంబూలం మా ఆవిడకే చెందాలి. "సెల్‌ఫోను మీద వేలు ఆనిస్తే వచ్చే పాటకు లక్షన్నర పోసి పెట్టె కొనేవారుంటారుటండీ?" అని ఆవిడ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. పైగా అది కరువుభత్యం బకాయిలు చేతికొచ్చిన నెల. వంటింటి గట్టు పగిలి రెండేళ్ళయింది. తెలుగు మేష్టరు జీతంలో ఇలాంటి డబ్బు ఊరికే రాదు. వాదించి లాభం లేదని గ్రహించి రాజీకి వచ్చాను: గట్టు ముందు, పెట్టె తరవాత. ఆ "తరవాత" రావటానికి పధ్నాలుగు నెలలు పట్టింది.

ఇంతకూ ఆ పెట్టె ఏమిటంటారా? దాన్ని ఫోనో ప్రీ ఆంప్లిఫయరు అంటారు. ప్లేటు గాడిలో నడిచే ముల్లు పుట్టించే విద్యుత్తు బహు స్వల్పం. నా దగ్గరున్న అయస్కాంతపు రకంలో వోల్టులో 200వ వంతు. దాన్ని సుమారు నూరు రెట్లు చేస్తే గాని పెద్ద ఆంప్లిఫయరు చెవికెక్కదు. అయితే పెంచటం ఒక్కటే పనైతే ఇంత ఖరీదుండదు. అసలు కథ వేరే ఉంది.

మంద్రధ్వనులను ఉన్నవి ఉన్నట్టు చెక్కితే గాడి అటూ ఇటూ విపరీతంగా ఊగి పక్క గాడిలోకి పోతుంది. అందుకని చెక్కేటప్పుడు వాటిని తగ్గిస్తారు. పైస్థాయి సన్నధ్వనులను ఎక్కువ చేస్తారు, ప్లేటు రాపిడి రొదలో అవి మునిగిపోకుండా. వినేచోట దీన్ని సరిగ్గా తిరగవెయ్యాలి: అట్టడుగు ధ్వనిని మధ్యస్థాయి కంటె పది రెట్లు లేపాలి, కొనాకు ఉన్నదాన్ని పదో వంతుకు దించాలి. నా భాషలో చెప్పాలంటే చెక్కినవాడు సమాసం చేశాడు, ఈ పెట్టె విగ్రహవాక్యం చెబుతుంది. విగ్రహవాక్యం తప్పితే అర్థం ఎక్కడికో పోతుంది కదా! ఒకప్పుడు ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క వ్యాకరణం. 1954లో అమెరికా రికార్డింగు పరిశ్రమ సంఘం ఒక కొలత నిర్ణయించాక క్రమంగా లోకమంతా దానికే వచ్చింది.

ఈ పని ట్రాన్సిస్టర్లతోనూ జరుగుతుంది, పదో వంతు ధరకు, చక్కగానే. ఈ మాట దాచిపెట్టి వాల్వులను పొగిడేవాళ్ళంటే నాకు గిట్టదు. వాల్వు ధ్వని వెచ్చగా ఉంటుందని వాళ్ళంటారు. వెచ్చగా ఉండేది వాల్వే, ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. నన్ను పట్టుకున్న గుణం మరొకటి. వాల్వు ముసలిదైతే గూట్లోంచి ఊడబెరికి కొత్తది గుచ్చుకోవచ్చు. ఈసీసీ 83 అనే ఈ రకం ఇప్పటికీ రష్యా, స్లొవాకియా, చైనాలలో తయారవుతూనే ఉంది. ఇంట్లో చెడిపోయిన వస్తువును బాగుచేసుకోగలమన్న ధైర్యం ఈ రోజుల్లో ఎన్నిటికుంది చెప్పండి?

హైదరాబాదులో కొట్టుకు వెళ్ళినప్పుడు నాన్నగారి బాలమురళి ప్లేటు ఒకటి గుడ్డలో చుట్టి తీసుకువెళ్ళాను. కొట్టువాడు తన విదేశీ ప్లేట్లు వేసి గంటసేపు అదరగొట్టాడు. విని, మర్యాదగా తల ఊపి, నాది వెయ్యమన్నాను. కలకత్తా దగ్గర డమ్‌డమ్ కర్మాగారంలో అచ్చయిన ప్లేటు, వయసులో నాకంటె పెద్దది. చిటపటలు వినిపించాయి. ఆ వెనక మృదంగం ఎడమవైపు మోత, గుండె మీద అరచేత్తో తట్టినట్టు. చిన్నప్పటినుంచీ వింటున్న ప్లేటులో అది ఉన్నట్టు నాకు తెలియదు. బేరం అక్కడే అయిపోయింది.

ఇంటికి తెచ్చాక మూడు రోజులు ఒకటే హోరు. భూమి తీగ సరిగ్గా తగిలించాక సగం పోయింది, ఫాను రెగ్యులేటరు మార్పించాక తక్కినది పోయింది. అప్పుడు మా ఆవిడ గుమ్మంలో నిలబడి అడిగింది: "మామయ్యగారు ఈ పెట్టె లేకుండానే విన్నారుగా, వారికేం తక్కువైందీ?"

దీనికి శాస్త్రప్రకారం జవాబుంది. నాన్నగారి ప్లేయరులోది సిరామిక్ ముల్లు. దానికి ఈ పెట్టె అక్కర్లేదు. అది చాలినంత విద్యుత్తు తనే ఇస్తుంది, ఎత్తుపల్లాలు కూడా ఇంచుమించుగా తనే సర్దుకుంటుంది. ఆ ఇంచుమించులోనే మృదంగం మోత పోయింది. ఇదంతా చెప్పాను. ఆవిడ అడిగింది అది కాదని చెబుతూ ఉండగానే తెలుస్తూ ఉంది.

అమ్మకు డెబ్భైఎనిమిది. పెట్టె మీట వేసి, ఒక్క నిమిషం ఆగాలన్నాను. "తెలుసులేరా, వేడెక్కాలిగా. మన పాత రేడియో అంతేగా" అని చాప మీద కూర్చుంది. వాల్వులు ఎర్రబడ్డాయి. ప్లేటు ఒక పక్కంతా కదలకుండా వింది.

"బాగుంది" అంది చివరికి. కొంచెం ఆగి, "మీ నాన్న వేసినప్పుడు ఇందులో ఇంత మృదంగం ఉండేది కాదు" అంది.

నేను గెలిచాననుకున్నాను. ఆవిడ మెల్లిగా, "ఆ పాత పెట్టె అటక మీదే ఉందా?" అని అడిగింది.

దింపి తుడిచి, బెల్టు మార్పించి, అమ్మ గదిలో పెట్టాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక తనే ప్లేటు ఎంచుకుని వేసుకుంటుంది. మా ఆవిడ కూడా అప్పుడప్పుడు అక్కడే వినపడుతుంది. నా ముల్లు గాడి మీద మోపే బరువు రెండు గ్రాములు. ఆ పాత ముల్లుది ఐదు గ్రాముల పైమాటే. వేసిన ప్రతిసారీ గాడి మరికాస్త అరుగుతుంది. అమ్మకు ఆ సంగతి చెప్పలేదు.