టీవీ పోలేదు గదా అని కూర్చుంటే మిర్చి తడిసింది

ఇది నా పొరపాటు గురించి. మీరన్నా పడకుండా ఉంటారని రాస్తున్నా.

మాది పర్చూరు వైపు పల్లె. ఇంటి మీద ఉన్నది నెలనెలా డబ్బు కట్టే పని లేని డీడీ ఫ్రీ డిష్. వానకి ముందు బొమ్మ గళ్లు గళ్లుగా విరిగి ఆగిపోవడం మీరూ చూసే ఉంటారు. రెండేళ్లు గమనించి నేనో లెక్క కట్టుకున్నా. టీవీ ఆగిందంటే ఐదు పది నిమిషాల్లో వాన. అప్పుడు కళ్లంలోకి పరుగెత్తి పట్టాలు కప్పితే చాలనుకున్నా. రెండు మూడుసార్లు ఆ లెక్క నిజమైంది కూడా. దాంతో ధీమా పెరిగింది.

మార్చి ఆఖర్లో ఒక సాయంత్రం. కళ్లంలో ఎండుతున్న తేజ కాయ పాతిక క్వింటాళ్ల దాకా ఉంది. మా అమ్మ బయట నుంచి కేకేసింది. "అబ్బాయ్, అద్దంకి వైపు మెరుస్తా ఉంది, పట్టాలు కప్పుకోరా" అని. నేను క్రికెట్ చూస్తా, "టీవీ శుభ్రంగా వస్తంది గదమ్మా, ఇప్పుడే రాదులే" అన్నా. అరగంటలో ఈదురుగాలి, దాని వెనకే వాన. టీవీ ఆగడం, చినుకు పడటం ఒక్కసారే. మేం నలుగురం ఉరికినా, కప్పేలోపు ఎనిమిది క్వింటాళ్ల దాకా తడిసింది. మళ్లీ ఆరబెట్టినా రంగు పోయింది. తాలు కింద అమ్ముకోవాల్సొచ్చింది. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధ.

తర్వాత డిష్షులు బిగించే కుర్రోడిని అడిగితే సంగతి తెలిసింది. మన డిష్షు చూసేది జీశాట్-15 ఉపగ్రహం వైపు. అది భూమధ్యరేఖ మీద 36,000 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటది. అంటే మనకి ఆగ్నేయం, మా ఊరికైతే చీరాల వైపు. డిష్షు నిలబడినట్టు కనిపిస్తది గానీ, అది అందుకునే తరంగం బాగా పైనుంచే దిగుద్ది. ఆ తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లు. గట్టి వాన చినుకులు దాన్ని కొంత మింగి, కొంత చెదరగొడతాయి. అంత దూరం వచ్చిన సిగ్నల్‌ని చెడగొట్టేది ఆఖరి నాలుగైదు కిలోమీటర్ల ఎత్తులో పడే వానే.

లెక్కేస్తే, మన ఇంటికి ఆగ్నేయంగా సుమారు రెండు కిలోమీటర్ల లోపు పడే వాన మాత్రమే డిష్షుకి తెలుస్తది. వాన సముద్రం వైపు నుంచి వస్తే ముందు చెప్పుద్ది. ఎండాకాలంలో పడమట నుంచి, వినుకొండ, అద్దంకి వైపు నుంచి వచ్చే మబ్బు దానికి కనపడదు. నెత్తి మీదికి వచ్చాకే టీవీ పోద్ది.

మా తాత దగ్గర పాత రేడియో ఉండేది. విజయవాడ కేంద్రం పెట్టుకుని, కరకరమంటే "ఎక్కడో ఉరుముతుందిరా" అనేవాడు. అప్పుడు నవ్వేవాళ్లం. మీడియం వేవ్ రేడియోకి ఏ దిక్కున మెరిసినా గరగర వచ్చుద్ది, ఉరుము వినపడకముందే. డిష్షుకి ఒక్క దిక్కే. ఫోన్లో వచ్చే ఎఫ్ఎం కూడా ఈ పనికి రాదు.

ఇంకోటి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు గుర్తుందిగా. తుపాను కబురు ముందు రోజుల్లోనే వచ్చింది. వాన మొదలయ్యాక టీవీలో చూద్దామంటే కరెంటూ ఉండదు, సిగ్నలూ ఉండదు. చూడాల్సింది ముందే చూసుకోవాలి.

ఇప్పుడు నేను చేసేది ఇంతే. మార్చి నుంచి కాయ కళ్లంలో ఉన్నన్నాళ్లు పొద్దుగూకే లోపు కుప్ప చేసి పట్టా కప్పుతున్నా, ఆకాశం ఎట్టా ఉన్నా సరే. ఫోన్లో పిడుగుల కబురు చెప్పే దామిని యాప్ పెట్టుకున్నా. ఉరిమితే టీవీ ప్లగ్గు పీకేస్తున్నా. వానలో డిష్షు తిప్పుదామని డాబా ఎక్కబాకండి, వాన తగ్గితే బొమ్మ దానంతటదే వస్తది. పడమట మెరుస్తుందని ఇంట్లో పెద్దోళ్లు చెప్తే మాత్రం లేవండి.

మీ ఊళ్లో వాన ఏ దిక్కు నుంచి ఎక్కువ వస్తదో కింద రాయండి.