గదికి తగ్గ పెట్టెలు

వైట్‌ఫీల్డ్‌లో మా ముందుగది పొడవు 12 అడుగులు, వెడల్పు 10. ముప్పై ఏళ్ళు బ్యాంకులో ఇతరుల అప్పులకు హద్దులు గీసిన నేను, 2023లో, మా పేటకు మెట్రో రైలు వచ్చిన ఏడాది, ఆ గదిలోకి నడుమెత్తు స్పీకర్ల జత తెచ్చాను.

మొదట పెట్టింది నాన్న పద్యాలు చదివిన పాత క్యాసెట్టు. అమ్మ రెండు పద్యాలు విని, "ఇది మీ నాన్న గొంతు కాదురా, కుండలోంచి ఎవరో మాట్లాడుతున్నట్టుంది" అంది. డబ్బు సంగతి అటుంచండి, మాకు మిగిలింది ఆ ఒక్క గొంతే.

లెక్క కట్టాను. ధ్వని సెకనుకు సుమారు 1,130 అడుగులు పోతుంది. 12 అడుగుల గోడల మధ్య పోయిరావడానికి 24 అడుగులు. అంటే 47 హెర్ట్జ్ దగ్గరా, దానికి రెట్టింపు 94 దగ్గరా గది తానే మోగుతుంది. మగ గొంతు అడుగు స్వరం తరచు 100 చుట్టూనే ఉంటుంది. మూలకు ఆనించిన పెద్ద స్పీకరు ఆ మోతను ఇంకా పెంచుతుంది. ముందుకు జరిపితే మనిషి నడిచే దారి ఉండదు.

నష్టానికే వాటిని తిరిగి ఇచ్చేసి, 5 అంగుళాల వూఫరున్న జత తెచ్చాను. చిన్నవి గనుక గోడకు ఎడంగా, స్టూళ్ళ మీద ఇమిడాయి. మోత తగ్గింది. పద్యానికీ పద్యానికీ మధ్య నాన్న ఊపిరి తీసుకోవడం వినబడింది. అమ్మ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

తెలుగు చదవడం రాని మా అమ్మాయి ఆ పద్యానికి అర్థమడిగింది. నాకు సగమే తెలుసు. మిగతా సగం అమ్మ చెప్పింది.