వినాయకుడి వాహనం, నాన్న వాహనం

వినాయకుణ్ణి మోసే ఎలుకకు తనకూ ఓ వాహనం ఉండాలనిపించడంలో తప్పేమీ లేదు. చిక్కల్లా అది మన కారును ఎంచుకోవడమే. భిలాయ్ సెక్టర్ 7లో మా క్వార్టర్ పక్కన రేకుల షెడ్డులో ఏడాదికి పైగా కదలకుండా ఉన్న మారుతి 800కు అదే గతి పట్టింది. నాన్న 2008లో కొన్న కారది. ఆయన పోయాక నడిపేవారు లేరు. ఇప్పుడు ఆయాసంతో బాధపడుతున్న అమ్మను సెక్టర్ 9 ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కానీ తలుపు తీస్తే చాలు, ఆ కంపుకే ఆమెకు ఊపిరాడదు.

ఇది ఒక్క మా ఇంటి గొడవే కాదు. సోవియట్ సహకారంతో నిర్మించిన ఇక్కడి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ కొలువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు తరలివచ్చాయి. ఆ తరం రిటైరైంది. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడ్డారు. షెడ్డుల్లో బళ్లు మిగిలాయి.

"తుక్కుకు ఇచ్చేయండి" అన్నారు తెలిసినవాళ్లు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోమన్నట్టే ఉంది సలహా. 2023లో రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్లకు పొడిగించుకున్న బండి అది. పైగా అమ్మ ఒప్పుకోదు.

సెంటు కొడితే ఈ వాసన పోదు. ఎలుక మూత్రంలోని కొన్ని ప్రొటీన్లు వాసన అణువులను పట్టి ఉంచి నెమ్మదిగా వదులుతుంటాయి. అందుకే మరక ఎండినా కంపు మిగులుతుంది, ఎండ వేడికి ఇంకా రేగుతుంది. మూలాన్ని తీసేయడమొక్కటే దారి.

ముందు బ్యాటరీ తీగ విప్పి, కొరికిన వైర్లేమైనా ఉన్నాయేమో మెకానిక్‌తో చూపించాలి. తర్వాత తలుపులన్నీ తెరిచి అరగంట గాలి ఆడనివ్వాలి. పెంటికలను చీపురుతో ఊడ్చకూడదు. దుమ్ముతో పాటు రోగక్రిములూ లేస్తాయి. 1993లో అమెరికాలో ఎలుకల నుంచి సోకిన హంటా వైరస్ నేర్పిన పాఠమిది. మన దగ్గర ఎలుక మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ భయం ఉండనే ఉంది. చేతులకు గ్లోవ్స్, ముఖానికి మాస్కు తప్పనిసరి. ఒక పాలు బ్లీచ్‌కు తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి కాగితంతో తుడిచెయ్యాలి. బ్లీచ్‌లో యాసిడ్ గానీ, అమోనియా ఉన్న క్లీనర్ గానీ కలిపితే విషవాయువు పుడుతుంది.

మా కారులో గూడు వెనక సీటు కింద దొరికింది. పాత పేపర్లు, స్పాంజి ముక్కలు, వేరుశనగ తొక్కలు. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఇంకొకటి. వెనక సీటు స్పాంజి, కార్పెట్ కింది నమదా పారేశాం. కడిగినా లాభం లేనంతగా తడిసి ఉన్నాయవి. బ్లోయర్ విప్పించి శుభ్రం చేయించాం. అది వదిలేస్తే ఫ్యాన్ వేసిన ప్రతిసారీ కంపు మొహాన కొడుతుంది. మిగిలిన బట్టకు బ్లీచ్ పడదు, రంగు పోతుంది. ప్రొటీన్లను విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్‌తో తడిపి, కొన్ని గంటలు ఆరనిచ్చాం. వంట సోడా చల్లి రాత్రంతా ఉంచి, మర్నాడు వాక్యూమ్ పట్టాం. మూడుసార్లు చేస్తే గానీ దారికి రాలేదు. చివరికి పెడల్స్ దగ్గరి కంతల్లో స్టీల్ పీచు కుక్కాం.

మూడో వారంలో అమ్మ ముందు సీట్లో కూర్చుంది. కాసేపు ఊపిరి పీల్చి చూసి, "మీ నాన్న కొబ్బరినూనె వాసన కూడా పోయింది నాయనా" అంది. ఏం చెప్పాలో తోచలేదు. డ్రైవర్ సీటు మీద ఆయన పరుచుకునే తువ్వాలును మాత్రం పారేయనివ్వలేదు. తనే ఉతికి, ఆరేసి, మళ్లీ పరిచింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఓ గంట బండి తీస్తున్నాం. తినే వస్తువేదీ లోపల ఉంచడం లేదు. కదిలే బండిలో ఎలుక కాపురం పెట్టడం కష్టం.