ఖాజీపేట నుండి కరిగిరికి

ఖాజీపేటలో తెల్లవారుజామున బస్సెక్కి, చెన్నూరు దగ్గర పెన్న దాటి, కడపలో మరో బస్సు పట్టుకొని మేము వేలూరు దారిన బయలుదేరాము. మాతో మా సంఘములోని బేల్దారి సహోదరుడొకాయన ఉన్నాడు. వయస్సు నలభై ఒకటి. గువ్వలచెరువులో బస్సు ఆగినప్పుడు అందరూ పాలకోవా కొన్నారు గాని ఆయన కొనలేదు. నాయనకు షుగరు వచ్చినప్పటి నుండి ఆ ఇంట్లో తీపి వస్తువు రాదు.

ఆ నాయన మా సంఘ పెద్ద. పసుపు మడిలో వట్టి కాళ్లతో తిరిగే మనిషి. తుమ్మముల్లు అరికాలిలో విరిగినా ఆయనకు తెలియలేదు. మేము పరామర్శకు పోయినప్పుడు, "నొప్పే ల్యాదు అయ్యగారూ, అదే మానిపోతాది" అన్నాడు. నొప్పి లేదు గదా అని మేమును ప్రార్థన చేసి వచ్చేశాము. అది మా తెలివితక్కువతనము. మూడు వారాలకు కాలు నల్లబడి, మోకాలి కింద తీసివేయవలసి వచ్చింది.

అది మొదలు కొడుక్కు ఒకటే పట్టుదల. తాపీ పక్కన పెట్టి, మొద్దుబారిన పాదాలకు తగిన చెప్పులు చేసే పని నేర్చుకుంటానన్నాడు. భార్య ఏడ్చింది. "ఈ వయసులో చెప్పులు కుడతావా?" అని బంధువులు నవ్వారు. పిల్లలు చదువుకునే రోజులలో వచ్చే కూలి పోగొట్టుకోవద్దని మేమును చెప్పాము. "మా నాయన కాలికి ఎంత కూలి లెక్క కట్టాల అయ్యగారూ?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ ప్రయాణము.

రాయచోటి దాటిన తరువాత ఆయనకు డాక్టర్ పాల్ బ్రాండ్ సంగతి చెప్పాము. తమిళనాడు కొల్లి కొండలలో 1914లో మిషనరీ దంపతులకు పుట్టినవాడు. చీము, నెత్తురు చూస్తే అసహ్యమని డాక్టరు చదువు వద్దని, లండనులో తాపీ, వడ్రంగము నేర్చుకున్నాడు. ఆ తరువాతనే మనస్సు మార్చుకొని వైద్యములో చేరాడు. 1946లో వేలూరుకు వచ్చాడు. "ఆయనా బేల్దారేనా!" అని మా సహోదరుడు సీటులో నిటారుగా కూర్చున్నాడు. దారిలో ఆయన ముఖము వికసించినది అప్పుడే.

కుష్ఠు రోగి కాలు దానంతటదే కుళ్లిపోతుందని ఆ రోజులలో లోకమంతా నమ్మేది. అది కాదని బ్రాండ్ గారు, ఆయన తోటివారు చూపించారు. నరములు చచ్చి నొప్పి తెలియదు గనుక మనిషి పుండు మీదనే నడుస్తాడు. ప్రతి అడుగుకూ అదే చోట ఒత్తిడి పడుతుంది. ఒత్తిడి తీసివేస్తే ఆ పుండ్లు మానాయి. షుగరు వలన మొద్దుబారిన పాదములోనూ ఇదే జరుగుతుంది. ఒక రాత్రి బ్రాండ్ గారికే తన మడమలో స్పర్శ పోయిందని అనుమానము కలిగి, సూదితో పొడుచుకుంటే నొప్పి తెలియలేదట. రాత్రంతా తనకు కుష్ఠు వచ్చిందనే భయముతో గడిపి, తెల్లవారి మరల పొడుచుకుంటే నొప్పి పుట్టింది. ఆ నొప్పి కోసము దేవునికి స్తోత్రము చెప్పుకున్నాడు.

కాట్పాడి దగ్గర కరిగిరిలోని షీఫెలిన్ కుష్ఠు కేంద్రము 1955లో ఆరంభమైనది. ఒకప్పుడు బీడు నేల. అక్కడ పని చేసిన డాక్టర్ ఎర్నెస్ట్ ఫ్రిట్షి గారి శ్రద్ధ వలన ఇప్పుడు చెట్ల నీడ. చెప్పులు చేసే చోట మా సహోదరుడు చాలాసేపు నిలబడిపోయాడు. లోపల మెత్తని మైక్రోసెల్యులార్ రబ్బరు, కింద ముల్లు దిగని గట్టి అట్ట, మడమ వెనుక పట్టీ. స్పర్శ లేని కాలి నుండి చెప్పు జారిపోయినా మనిషికి తెలియదు, అందుకని ఆ పట్టీ. మేకు ఒక్కటి కూడా ఉండదు, అంతా కుట్టు, జిగురు. బేల్దారి వేళ్లతో ఆయన ఆ రబ్బరును నొక్కి, వదలి, మరల నొక్కి చూశాడు. "గోడకు తూకం మాదిరే అయ్యగారూ, బరువు ఒక్కచోట పడగూడదు" అన్నాడు.

ఇంగ్లాండులో పోడియాట్రీ అని పాదాల వైద్యమునకే డిగ్రీ ఉన్నది. పాత ఉద్యోగము మాని నడి వయస్సులో చేరేవారూ ఉన్నారు. మన పల్లెలలో పాదము గురించి ఎవరు చెబుతారు? షుగరున్నవారు రోజూ రాత్రి అరికాళ్లు చూచుకొనవలెనని, వేడినీళ్ల కాపడము పెట్టకూడదని, చెప్పు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి చూడవలెనని మేము ఇన్నేండ్లలో ఒక్క ఆదివారమైనా చెప్పలేదు.

"నలభై ఒకటి అంటే లేటు గదా సార్?" అని ఆయన ఒక పనివాని నడిగాడు. ఆయన నవ్వి, మా వాని చేతులు తిరగేసి చూచి, కత్తి, ఒక రబ్బరు ముక్క ఇచ్చి కోయమన్నాడు. మొదటిది వంకర పోయింది. మూడవది ఫరవాలేదు.

తిరిగి వచ్చిన ఆదివారము ఆరాధన ముగిసి మేము బయటికి వచ్చేసరికి, గుడి వాకిలి ముందు విడిచిన చెప్పుల మధ్య మా సహోదరుడు గొంతుకూర్చొని ఉన్నాడు. ఒక్కొక్క చెప్పు తిరగేసి, లోపల చెయ్యి పెట్టి తడుముతున్నాడు. ఆయన భార్య కాస్త దూరములో నిలబడి చూస్తున్నది. కొంతసేపటికి ఆమెయే తన అత్తగారి చెప్పులు తెచ్చి ఆయన ముందు పెట్టింది.