గుమ్మడి బీరు

అమెరికాలో శరదృతువు వచ్చిందంటే గుమ్మాల ముందు గుమ్మడికాయలు, సీసాల్లో గుమ్మడి బీరు. అక్టోబరులో తాగాలంటే సెప్టెంబరు మొదట్లోనే కాచాలి.

కాయను ఓవెన్‌లో ఎర్రగా కాల్చి, బార్లీ మాల్టుతో కలిపి, సుమారు 67 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్ళలో గంటసేపు ఉంచుతాను. పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. వడకట్టిన ఆ నీటిని హాప్స్ పూలతో మరో గంట మరిగించి, చివరి 5 నిమిషాల్లో దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, శొంఠి వేస్తాను. ముందే వేస్తే పరిమళం ఆవిరితో పోతుంది. చల్లారాక ఈస్టు.

చిత్రమేమిటంటే, ఇందులో గుమ్మడి రుచి దాదాపు శూన్యం. ఆ తీపినంతా ఈస్టే ఆరగిస్తుంది. 1980లలో కాలిఫోర్నియాలో ఈ బీరును పునరుద్ధరించిన బిల్ ఓవెన్స్ కూడా చివరకు పంప్‌కిన్ పైలో వేసే మసాలానే ఆశ్రయించారు. మాల్టు కరువైన వలసకాలంలో గుమ్మడి అవసరం, ఇప్పుడది అలంకారం.

మొన్న ఆ వాసనకు అమ్మ వంటింట్లోకి వచ్చి, "పులావా నాయనా?" అంది. 1992లో నెల్లూరు జిల్లాలో సారా దుకాణాలను మూయించిన ఆడవాళ్ళలో మా అమ్మ ఒకరు. బీరని చెప్పాను.

"అయితే నువ్వూ కాస్తున్నావన్నమాట!"

సొంతానికి కాచుకోవడాన్ని ఇక్కడ 1978 నాటి చట్టమే అనుమతించిందనీ, విక్రయించకూడదనీ వివరించాను.

"చట్టమా? ఆ సారా దుకాణాలకూ ప్రభుత్వమే గదా వేలంపాటలు పెట్టింది!" అని, మిగిలిన సగం కాయ తీసుకుని బెల్లం వేసి పులుసు పెట్టింది. గుమ్మడి రుచి అందులో ఉంది.

బీరింకా బుడగలు కడుతోంది. అమ్మ తిరుగు ప్రయాణం అక్టోబరులో.