యుద్ధానికి వెళ్ళిన వేట నావలు

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్టణం, కాకినాడ రేవులపై బాంబులు కురిపించాయి. ఆ రోజులలోనే బంగాళాఖాతంలో అనేక వాణిజ్య నౌకలు మునిగిపోయాయి. యుద్ధం ఎక్కడో దూరదేశపు వార్త కాదని గోదావరి డెల్టా ప్రజలు ఆనాడు గ్రహించారు. అయితే నౌకకు ఆకాశం నుండి వచ్చే ముప్పు ఒక్కటే కాదు. నీటిలో పొంచి ఉండే ముప్పు మరొకటి ఉంది. అదే సముద్రపు మందుపాతర. దానినే మైను అంటారు.

ఇనుప గోళం వంటి మైనును ఉక్కుతీగతో అడుగునున్న బరువుకు కట్టి, నీటి మట్టానికి కొంచెం దిగువన నిలుపుతారు. ఓడ తగలగానే అది పేలుతుంది. దానిని తొలగించడానికి చేపలు పట్టే ట్రాలర్లు తగినవని బ్రిటిష్ నౌకాదళం గుర్తించి, 1910లో జాలరులతో ప్రత్యేక విభాగాన్ని ఏర్పరచింది. బరువైన వలను ఈడ్చడానికి పుట్టిన నావ యుద్ధకాలంలో వలకు బదులు ఉక్కుతాడును ఈడ్చింది. ఆ తాడుకు అమర్చిన కత్తెరలు మైను తీగను తెంచేవి. పైకి తేలిన మైనును తుపాకితో కాల్చేవారు. ఒక్క మైను కంటపడకపోతే నావ, నావికులు క్షణంలో అదృశ్యమయ్యేవారు.

మన దేశంలోనూ రాయల్ ఇండియన్ నేవీ తీరప్రాంతపు వాణిజ్య నౌకలను ఈ పనికి మార్చుకొంది. ట్రాలర్ల నమూనాలో కొత్త నౌకలను ఇక్కడే కట్టించి తిరువాన్కూరు, బరోడా వంటి పేర్లు పెట్టింది. మార్చిన నౌకలలో ఒకటైన సోఫీ మేరీ 1942 మార్చిలో అండమాన్ దీవుల వద్ద మైను తగిలి మునిగిపోయింది.

రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ట్రాలర్ల దళానికి కేంద్రమైన లోస్టాఫ్ట్ రేవులో 1953లో ఒక స్మారక స్తంభాన్ని ఆవిష్కరించారు. సముద్రం తప్ప వేరే సమాధి లేని 2,385 మంది పేర్లు దానిపై ఉన్నాయి. వారిలో ఎందరో యుద్ధానికి ముందు వలలు లాగి బతికినవారే.

ఈ దుఃఖం కోనసీమ తీరానికి కొత్త కాదు. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో భైరవపాలెం, బలుసుతిప్ప వంటి గ్రామాల నుండి వేటకు వెళ్ళిన ఎందరో తిరిగి రాలేదు. శవం దొరకని ఇంట కర్మ చేయడానికి మనసొప్పదు. ఆశ వదులుకోవడానికీ మనసొప్పదు. ఏడేండ్లు జాడ తెలియని వానిని మరణించినట్లు భావించవచ్చునని మన సాక్ష్య చట్టం చెబుతుంది. అంతవరకు ఆ ఇల్లాలు ఏ ఆధారంతో బతకాలి?

వేటకు వెళ్ళే ప్రతి మనిషి పేరూ ఒడ్డున నమోదై ఉండాలి. పోయినవారికి అది గౌరవం; మిగిలినవారికి అది జీవనాధారం. యుద్ధంలో పోయినా, వేటలో పోయినా, కడలి తన లెక్క చెప్పదు. ఆ లెక్క రాసి ఉంచవలసినది ఒడ్డున ఉన్న సమాజమే.