మెలితే తీరమున విన్న మాట

అపొస్తలుల కార్యములలోని మెలితే ద్వీపమే నేటి మాల్టా. పౌలుతో కూడ 276 మంది ఓడ పగిలి ఒడ్డు చేరినది సెయింట్ పాల్స్ బే అను చోటనేనని అక్కడివారి నమ్మకము. ఆ నీళ్లలోనే దిగాలని మా పిల్లల పట్టుదల.

ఆ ఉదయం ఈశాన్యపు గాలి రేగింది. ఆ అఖాతము ఈశాన్యానికే తెరచుకొని ఉన్నందున అలలు బండలను కొట్టుచున్నవి. "గాలి చూచి తీరం ఎంచుకోండమ్మా, నేడు పడమటికి పొండి" అన్నారు బస ఇచ్చిన పెద్దాయన. పిల్లలు అలిగినా ఆయన మాటే విన్నాము.

పడమట అయిన్ టుఫియాలో సుమారు 200 మెట్లు దిగితే బంగారు ఇసుక, నెమ్మదైన నీళ్లు! వాయువ్యపు గాలి వీచు దినమున ఇక్కడే అలలు లేచునట.

మంచిరేవులలో పౌలు చెప్పిన మాట విననందున ఆ ఓడ పోయింది. పెద్దాయన మాట విన్న మేము ఆ సాయంత్రం పిల్లలందరితో క్షేమంగా ప్రార్థనకు కూర్చున్నాము.